ప్రాసెసర్ మార్చినా 4కే గేమ్ ఎందుకు కదల్లేదు? 42 వేలు పోసి నేర్చుకున్న సంగతి

మొన్న నాగాయలంక నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, చెరువు పట్టాం. కౌంటు బాగానే వచ్చింది. నాన్న నాకో 40 వేలు ఇస్తానన్నాడు. హాల్లో కొత్త 4కే టీవీ ఉంది గదా, పీసీ దానికి తగిలించి గేమ్ ఆడుతుంటే ముక్కలు ముక్కలుగా కదులుతోంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మార్చేద్దామనుకుంటున్నా. గుడివాడలో ఒకాయన కొటేషన్ కూడా రాసిచ్చాడు" అన్నాడు.

నేను ఒకటే మాట చెప్పా. "ఆ కాగితం అట్టా పక్కన పెట్టు తమ్ముడూ. రూపాయి కూడా తియ్యమాక. ముందు నేను చెప్పిన పది నిమిషాల పరీక్ష చెయ్యి. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

ఈ మాట నాకు ఊరికే రాలేదు. 2023లో సంక్రాంతి దాటాక సార్వా వడ్ల డబ్బులు చేతికొచ్చినప్పుడు నాన్నని బతిమాలి 42 వేలు తీసుకున్నా. అప్పటికి నా దగ్గరున్నది రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. మా మావయ్య వాడి పక్కన పెట్టిన 4కే మానిటర్ ఒకటి నాకొచ్చింది. అందులో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పెడితే ఎద్దుబండి నడిచినట్టు నడిచింది. బెజవాడలో ఒక షాపుకెళ్తే "కార్డు బానే ఉంది, ప్రాసెసరే పాతబడింది, అదే లాగేస్తోంది" అన్నారు. రైజెన్ 7 5700ఎక్స్, కొత్త బోర్డు, 32 జీబీ ర్యామ్ అంటగట్టారు. ఆ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని బందరు బస్సులో ఎంత సంబరంగా వచ్చానో నాకే తెలుసు.

రాత్రంతా కూచుని బిగించా. గేమ్‌లోనే ఉన్న బెంచ్‌మార్క్ పెట్టా. పాత ప్రాసెసర్‌తో సెకనుకి 22 ఫ్రేములు వచ్చేవి. కొత్తదానితో 23 వచ్చినయ్. పొద్దున్నే నాన్న వచ్చి వెనక నిలబడి కాసేపు చూసి "ఏం మారిందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నా. మన దివిసీమలో, బందర్లో, గుడివాడలో నాలాంటి కుర్రోళ్ళు ఇంకెంతమంది ఇదే గుంటలో పడతారో అని.

పెడన అద్దకం లెక్క

గేమ్ ఆడేటప్పుడు పీసీ లోపల రెండు పనులు జరుగుతాయి. అవి విడదీసి చూస్తే సగం గొడవ తీరిపోద్ది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఇది చప్పున తెలిసిద్ది. ఏ అచ్చు ఎక్కడ పడాలి, ఏ రంగు ముందు, ఏది తర్వాత అని చూసుకునే మేస్త్రి ఒకడుంటాడు. బల్ల మీద గుడ్డ పరిచి టేకు చెక్క అచ్చుతో ఒక్కో ముద్రా అద్దేవాళ్ళు వేరే ఉంటారు. మన పీసీలో ప్రాసెసర్ అంటే మేస్త్రి. శత్రువు ఎటు పరిగెత్తాలి, తూటా ఎవరికి తగిలింది, గుర్రం ఎక్కడుంది, ఇవన్నీ లెక్కేసి "ఇదిగో ఈ బొమ్మ వెయ్యి" అని చెప్పిద్ది. గ్రాఫిక్స్ కార్డు అంటే అద్దేవాళ్ళు. తెర మీద ఒక్కో చుక్కకీ రంగేసేది అదే.

ఇప్పుడు చూడండి. అదే డిజైను చిన్న గుడ్డ మీద వేసినా, అంతకి నాలుగింతల దుప్పటి మీద పెద్దగా వేసినా మేస్త్రి చెప్పే మాట దాదాపు ఒకటే. అద్దేవాళ్ళ చాకిరీ మాత్రం గుడ్డ పెరిగినకొద్దీ పెరిగిద్ది.

తెర లెక్క కూడా అట్టాంటిదే. మామూలు ఫుల్ హెచ్‌డీ, అంటే 1080పి తెరలో అడ్డం 1920, నిలువు 1080 చుక్కలు. గుణిస్తే 20,73,600. 1440పి తెరకి 36,86,400. 4కే తెరకి అడ్డం 3840, నిలువు 2160, మొత్తం 82,94,400. అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. ఇన్ని చుక్కలకీ ఫ్రేము ఫ్రేముకీ కొత్తగా రంగెయ్యాలి. తెర 4కే అయిందని శత్రువులు నాలుగింతలు కారు, తూటాలు నాలుగింతలు కావు. కాబట్టి ప్రాసెసర్ పని పెద్దగా పెరగదు. కార్డు నడుం మాత్రం విరిగిద్ది.

ఎవరు ఆలస్యమైతే వాళ్ళదే వేగం

సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. ప్రాసెసర్, కార్డు రెండూ ఒకదాని వెనక ఒకటి పక్కపక్కనే పని చేసుకుంటూ పోతాయి. కార్డు ఈ ఫ్రేముకి రంగేస్తుంటే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము లెక్కలు చూసుకుంటా ఉండిద్ది. అందుకని ఇద్దరిలో ఎవరికి ఎక్కువ టైము పడితే ఆ టైమే మొత్తానికి ఖరారు.

ఒక ఉదాహరణ చెప్తా, లెక్క కోసం అనుకున్న అంకెలే. ఒక గేమ్‌లో ప్రాసెసర్‌కి ఫ్రేముకి 9 మిల్లీసెకన్లు పడతాయనుకోండి. 1080పిలో కార్డుకి 12 పట్టింది. పెద్దది 12 కాబట్టి సెకనుకి 83 ఫ్రేములు. ఇదే గేమ్ 4కేలో పెడితే ప్రాసెసర్‌కి మళ్ళీ 9, కార్డుకి మాత్రం 42. అంటే సెకనుకి 24 దాటవు. ఇప్పుడు మీరు 42 వేలు పోసి ప్రాసెసర్‌ని 9 నుంచి 5కి దించారు. కార్డుకి మాత్రం అదే 42. వచ్చేది అదే 24. మేస్త్రి తొందరగా చెప్పేసి, అద్దేవాళ్ళ కోసం చేతులు కట్టుకు నిలబడ్డాడంతే.

నాకు జరిగింది ఇదే. 22 కాస్తా 23 అయింది. ఆ ఒక్క ఫ్రేము కూడా ఒకే పీసీలో రెండుసార్లు పరీక్ష పెడితే వచ్చే తేడానే.

ఇది వ్యవసాయం చేసేవాళ్ళకి కొత్త మాటేం కాదు. 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. పంటకి కావాల్సిన వాటిల్లో ఏది బాగా తక్కువైందో దిగుబడి దాన్ని బట్టే ఉండిద్దని. వరిచేలో జింకు లోపం ఉంటే యూరియా బస్తాలు ఎన్ని కొట్టినా పైరు తేరుకోదు. షాపుకెళ్ళే ముందు మనం అడగాల్సింది "ఏది కొత్తగా వచ్చింది" అని కాదు, "నా పీసీలో ఏది తక్కువైంది" అని.

మరి వీడియోల్లో ప్రాసెసర్ మారిస్తే అంత తేడా చూపిస్తారే?

ఇక్కడే చానామంది బోల్తా పడేది. ప్రాసెసర్ రివ్యూ చేసేవాళ్ళు కావాలనే 1080పిలో, మార్కెట్లో దొరికే అతి పెద్ద కార్డు పెట్టి పరీక్ష చేస్తారు. కార్డు అడ్డం రాకుండా ఉంటేనే ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడిద్ది కాబట్టి. అందులో తప్పేం లేదు. అది ప్రాసెసర్‌కి పెట్టే పరీక్ష. ఆ గ్రాఫు చూసి మన మామూలు కార్డుతో, 4కే తెర మీద అంతే పెరిగిద్దనుకోవడమే మన పొరపాటు.

నా కొత్త ప్రాసెసర్‌తో వాలరెంట్ పెట్టా, 1080పిలో. అంతకుముందు 170 దగ్గర ఆడేది, 300కి పోయింది. ఎందుకంటే ఆ గేమ్‌లో బొమ్మలు తేలిక, కార్డుకి పనే తక్కువ. అక్కడ ఆలస్యం చేసేది ప్రాసెసరే. అంటే నేను కొన్నది చెడ్డ సరుకు కాదు. నా జబ్బుకి ఆ మందు కాదు, అంతే. పైగా నా మానిటర్ సెకనుకి 60 ఫ్రేములే చూపించిద్ది. చూపులో నాకొచ్చిన లాభం చాలా తక్కువ.

ఇంకో మాట. ఆ కొత్త బోర్డు కూడా నాకు అక్కర్లేదు. బీ450 బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేస్తే 5000 సిరీస్ రైజెన్ ప్రాసెసర్లు పని చేస్తాయి. ఆ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పైసా ఖర్చు లేని పది నిమిషాల పరీక్ష

తమ్ముడికి చెప్పింది ఇదే, మీరూ చెయ్యండి.

ఒకటి. గేమ్‌లో ఎప్పుడూ ఇబ్బంది పెట్టే చోటుకి వెళ్ళి 4కేలో ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో రాసుకోండి. స్టీమ్‌లో ఫ్రేముల కౌంటర్ ఉండిద్ది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరికిద్ది, అది ఏ కార్డుకైనా పనికొస్తుంది.

రెండు. మిగతా సెట్టింగులేవీ ముట్టుకోకుండా రిజల్యూషన్ ఒక్కటే 1080పికి దించండి. అదే చోట మళ్ళీ చూడండి. ఫ్రేములు రెండింతలు, మూడింతలు పెరిగితే అడ్డంకి గ్రాఫిక్స్ కార్డే. ప్రాసెసర్ జోలికి పోమాకండి. పెద్దగా పెరగకపోతే అప్పుడు ప్రాసెసర్నో ర్యామ్‌నో అనుమానించాలి.

మూడు. 4కేలో ఆడుతున్నప్పుడు కార్డు వాడకం ఎంతుందో చూడండి. 95 నుంచి 100 శాతం మధ్య నిలబడితే కార్డు తన శక్తంతా పెట్టేసిందని అర్థం. 60, 70 దగ్గర ఊగుతుంటే, ఫ్రేములకి ఏ లిమిటూ పెట్టకుండా ఉంటే, దానికి పని అందించేవాళ్ళు ఆలస్యం చేస్తున్నారని.

ప్రాసెసర్ శాతం చూసి మాత్రం మోసపోవద్దు. 12 థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ నిండిపోయినా మొత్తం వాడకం తక్కువగానే కనిపిస్తది. గేమ్ ఆ ఒక్కదాని మీదే ఆధారపడితే అక్కడే ఆగిపోద్ది. అందుకే రిజల్యూషన్ దించి చూసే పరీక్షే నమ్మకమైంది.

అయితే మిగతా సామాన్లు దండగేనా?

కాదు. "4కేలో కార్డు తప్ప ఇంకేదీ అక్కర్లేదు" అనే మాట కూడా సగం నిజమే. మిగతావి ఎప్పుడు పనికొస్తాయో చెప్తా.

మొదటిది ర్యామ్. 8 జీబీ ఒక్కటే ఉంటే ఇప్పటి పెద్ద గేములకి చాలదు. విండోసు, బ్రౌజరు, గేమ్ కలిసి దాన్ని నింపేస్తాయి, అప్పుడు డిస్కు మీదకి పోయి గేమ్ గుటకలు మింగిద్ది. అట్టాగే ఒక్క స్టిక్కు కన్నా రెండు స్టిక్కులు మేలు. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్క దారిలో సెకనుకి 25.6 జీబీ పంపిస్తే, రెండు స్టిక్కులు రెండు దారుల్లో 51.2 పంపిస్తాయి. సగటు ఫ్రేములు పెద్దగా పెరక్కపోయినా మధ్యలో వచ్చే కుదుపులు తగ్గుతాయి. 3200 స్టిక్కు కొన్నా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యకపోతే చానా బోర్డుల్లో అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తది. అది చూసుకోండి, ఖర్చు లేని పని. 16 ఉన్నవాళ్ళు 32కి పోతే మాత్రం గేముల్లో ఫ్రేములు పెరగడం అరుదు.

రెండోది ఎస్ఎస్‌డీ. ఫ్రేముల లెక్క పెంచదు. గేమ్ తెరుచుకునే టైము తగ్గిద్ది, దారిలో పోతుంటే గోడలు, చెట్లు ఆలస్యంగా ప్రత్యక్షమయ్యే జబ్బు తగ్గిద్ది. సైబర్‌పంక్ 2077కి 2023లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ అని రాసేశారు. హార్డ్ డిస్క్ మీదే ఆడేవాళ్ళకి ఇది మంచి ఖర్చే.

మూడోది కార్డు మీదుండే మెమరీ, వీర్యామ్. అద్దకం బల్ల ఎంత పెద్దదో అదన్నమాట. 4 జీబీ బల్ల మీద 4కే దుప్పటి పరిస్తే సగం కింద వేలాడిద్ది. అప్పుడు కార్డు మాటిమాటికీ మామూలు ర్యామ్‌లోకి పోయి తెచ్చుకోవాలి, అది నత్తనడక. ఇది ర్యామ్ పెంచితే తీరేది కాదు. టెక్స్‌చర్ సెట్టింగు తగ్గించాలి, లేదా పెద్ద మెమరీ ఉన్న కార్డే కొనాలి.

నాలుగోది, అప్‌స్కేలింగ్ వాడేటప్పుడు ప్రాసెసర్. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల్లో డీఎల్ఎస్ఎస్, ఏ కంపెనీ పాత కార్డుల్లోనైనా చానావరకు ఎఫ్ఎస్ఆర్ అని ఉంటాయి. బొమ్మని తక్కువ చుక్కల్లో గీసి, దాన్ని 4కేకి పెంచి చూపిస్తాయి. 4కేలో "పెర్ఫార్మెన్స్" అని పెడితే లోపల గీసేది 1080పిలోనే. "క్వాలిటీ" అంటే 1440పిలో. కార్డు భారం అట్టా దిగిపోయాక మళ్ళీ ప్రాసెసర్ వంతు వస్తది. అంటే తెర 4కే అయినా ప్రాసెసర్ లెక్క 1080పిలో ఉన్నట్టే చూసుకోవాలి. రే ట్రేసింగ్ పెట్టినా ప్రాసెసర్‌కి పని పెరిగిద్ది. ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి గేములూ అంతే. పెద్ద కార్డు కొని 4కేలో 120 ఫ్రేములు కావాలనుకునేవాళ్ళకి మంచి ప్రాసెసర్ తప్పదు.

నా ఏడుపు ఇంకోటుంది. రెడ్ డెడ్ 2కి ఎఫ్ఎస్ఆర్ 2022లోనే వచ్చింది. నేను డబ్బులు పోసిన రెండు నెలలకి ఆ సంగతి తెలిసి, సెట్టింగుల్లో ఒక్క లైను మార్చా. 22 దగ్గర కొట్టుకునే గేమ్ 36కి ఎక్కింది. 42 వేలు చెయ్యలేని పని ఆ ఒక్క లైను చేసింది.

వైరు, కరెంటు, ఉప్పుగాలి

మన డెల్టా కింది ఊళ్ళలో ఇంకా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి షాపు కొటేషన్లో ఉండవు.

హెచ్‌డీఎంఐ వైరు. పాత 1.4 రకం పోర్టు అయితే 4కేలో సెకనుకి 30 ఫ్రేములే దాటుతాయి. 60 కావాలంటే 2.0 ఉండాలి. టీవీల్లో ఒక్కోసారి ఒక పోర్టుకే పూర్తి వేగం ఉంటది, ఇంకొన్నిట్లో సెట్టింగు ఆన్ చెయ్యాలి. వైరుని బోర్డు వెనకున్న పోర్టులో పెట్టి, కార్డు ఖాళీగా ఉంచేసినోళ్ళని కూడా నేను చూశా. నవ్వమాకండి, ఎవరికైనా జరిగిద్ది.

దుమ్ము, ఉక్క, ఉప్పుగాలి. సముద్రం పక్క ఊళ్ళలో కిటికీ చువ్వలే తుప్పు పట్టిపోతయ్, పీసీ ఎంత? ఫ్యాన్లలో దుమ్ము పేరుకుంటే కార్డు వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటది. ఆడిన పావుగంట తర్వాత ఫ్రేములు పడిపోతుంటే ముందు వేడి చూడండి. కరెంటు తీసేసి, బ్రష్షుతో దులపండి. కార్డు, ర్యామ్ కాళ్ళు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. గోడకి ఆనించి, పరుపు పక్కన ఇరికించి పెట్టిన పీసీని బయటకి లాగితేనే కొన్నిసార్లు సగం జబ్బు పోద్ది.

కరెంటు. మా పిన్నివాళ్ళ ఊళ్ళో రాత్రిపూట చెరువుల మీద ఏరియేటర్లన్నీ తిరిగేసరికి లైట్లు డిమ్ అవుతాయి. గేమ్ మధ్యలో పీసీ టప్పున ఆగిపోతే అది ప్రాసెసర్ తప్పు కాకపోవచ్చు. కార్డు పెంచేటప్పుడు పవర్ సప్లై కూడా లెక్కలో వేసుకోవాలి. జీటీఎక్స్ 1650 రకానికి 75 వాట్లు చాలు. ఆర్‌టీఎక్స్ 3060కి 170. దానికి 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్విడియానే చెప్పింది. మనం మామూలుగా కొనే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. పెద్ద కార్డు పెట్టి, దాని మీదే టీవీ కూడా తగిలిస్తే అది కుయ్యోమంటది.

ఇంతకీ తమ్ముడి సంగతి

వాడి పీసీలో ఉన్నవి ఐ5 10400ఎఫ్, జీటీఎక్స్ 1650 4 జీబీ, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, హార్డ్ డిస్క్. పరీక్ష చేసి అంకెలు వాట్సాప్‌లో పంపాడు. 4కేలో 14 ఫ్రేములు, 1080పిలో 45. కార్డు వాడకం 99 శాతం. దోషి దొరికిపోయాడు. ప్రాసెసర్ ఇంకా బానే లాగుద్ది.

ముందు టీవీలో గేమ్‌ని 1440పికి దించి ఎఫ్ఎస్ఆర్ పెట్టమన్నా. సోఫాలో కూచుని ఎనిమిదడుగుల దూరం నుంచి చూస్తే 4కేకి, దానికి తేడా చెప్పడం కష్టం. తర్వాత ఇంకో 8 జీబీ స్టిక్కు, ఒక ఎస్ఎస్‌డీ కొనమన్నా. మిగిలిన డబ్బు దాచుకుని, పవర్ సప్లైతో కలిపి కార్డుకి పెట్టమన్నా, అదీ 8 జీబీకి తక్కువ కాకుండా. ఆ కార్డుతో కూడా పెద్ద గేముల్ని అన్ని సెట్టింగులూ పైకి పెట్టి అసలు 4కేలో ఆడలేవని కూడా ముందే చెప్పా. అది మన బడ్జెట్ పని కాదు, ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

వాడు కాసేపు ఆగి "అయితే ప్రాసెసర్, బోర్డు అక్కర్లేదంటావ్?" అన్నాడు. అక్కర్లేదన్నా. ర్యామ్, ఎస్ఎస్‌డీ తీసుకుని మిగతాది వాళ్ళ నాన్నకి తిరిగిచ్చేశాడట, కార్డు సంగతి వచ్చే పట్టుబడికి చూద్దామని.

మా నాన్న అడిగిన ప్రశ్నకి నేనిప్పుడు జవాబు చెప్పగలను. ఏమీ మారలేదు నాన్నా, మార్చాల్సింది వేరేది. మీ నాన్న మిమ్మల్ని ఆ మాట అడక్కుండా ఉండాలంటే, డబ్బులు కట్టే ముందు రిజల్యూషన్ ఒకసారి దించి చూడండి.